సవరణ: హైదరాబాద్ ఎఫ్‌సీ గెలిచింది ట్రోఫీ, లీగ్ షీల్డ్ కాదు

ఫుట్‌బాల్ జట్టు హైదరాబాద్ ఎఫ్‌సీ అభిమానుల ఆశాభావం గురించిన ఇదివరకటి వ్యాసంలో ఆ జట్టును 2021-22 సీజన్ 'ఇండియన్ సూపర్ లీగ్ విజేత' అని పేర్కొనడంతో, పాయింట్ల పట్టికలోనూ అదే అగ్రస్థానంలో నిలిచిందని కొందరు పాఠకులు భావించారు. ఆ సీజన్‌లో 43 పాయింట్లతో మొదటి స్థానాన్ని, దానితోపాటు అగ్రస్థానంలో నిలిచిన జట్టుకిచ్చే లీగ్ షీల్డ్‌ను అందుకున్నది జంషెడ్‌పూర్ ఎఫ్‌సీ. హైదరాబాద్ 38 పాయింట్లతో రెండో స్థానం పొందింది. పట్టికలో పైనున్న జట్లు ట్రోఫీ కోసం తలపడే ప్లేఆఫ్ దశ ముగింపులో, 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్డాలో జరిగిన ఫైనల్‌లో, కేరళ బ్లాస్టర్స్‌తో 1-1గా సమమైన తరువాత పెనాల్టీలలో 3-1తో గెలిచి హైదరాబాద్ దక్కించుకున్నది ట్రోఫీని.

అయితే ఈ వివరణ వల్ల అభిమానుల నమ్మకం బలహీనపడదని నా దృఢాభిప్రాయం. 2019-20లో 10 పాయింట్లతో అట్టడుగున మిగిలిన జట్టు, మనోలో మార్కెజ్ శిక్షణలో తరువాతి సీజన్‌కే 29 పాయింట్లకు చేరింది. ఆపైన 38, 2022-23లో 42 సాధించింది. ఒక్క రాత్రి పెనాల్టీలలో అదృష్టం కలిసి రావచ్చును గాని, సీజన్ పొడవునా ఆడిన మ్యాచుల పాయింట్లు వరుసగా మూడేళ్లు పెరగడం అదృష్టం వల్ల జరిగేది కాదు. జట్టు స్ట్రైకర్ ఒగ్బెచే 2021-22లో చేసిన 18 గోల్సూ ఈ ఎదుగుదలలో భాగమే.

2022-23లో కూడా షీల్డ్ దక్కలేదు; అది 46 పాయింట్లు సాధించిన ముంబై సిటీకి వెళ్లింది.