మత్తు ఎదురుతిరిగితే

ఆపరేషన్‌కు ముందు బెరుకు పోవడానికి నరంలోకి మిడజోలం అనే మత్తుమందు రెండు మిల్లీగ్రాములు ఇస్తారు. మూడు నాలుగు నిమిషాల్లో కళ్లు మూతలు పడాలి. కొందరు మాత్రం లేచి కూర్చుంటారు. సెలైన్ సూది పీకేస్తారు, ఆక్సిజన్ మాస్కు విసిరేస్తారు, నర్సును తిడతారు. అదే చిన్నపిల్లలైతే తల్లి ఎత్తుకున్నా ఊరుకోకుండా గుక్కపట్టి ఏడుస్తారు. పెద్దవాళ్లలో ఇది నూటికి ఒకరికన్నా తక్కువే. పిల్లల్లో, ముసలివాళ్లలో, తాగుడు అలవాటున్నవాళ్లలో ఎక్కువ.

అసలు ప్రమాదం ఆ తర్వాతి నిమిషంలో ఉంది. ‘మత్తు చాల్లేదు’ అనుకుని ఇంకో రెండు మిల్లీగ్రాములు ఎక్కిస్తారు. గొడవ పెరుగుతుంది, లేదా ఒక్కసారిగా మనిషి సద్దుమణిగి ఊపిరి మందగిస్తుంది. మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాము ఉండే మందూ, 5 మిల్లీగ్రాములు ఉండే మందూ రెండూ ఒకే ట్రేలో పెట్టే చోట్ల ఆ తొందరలో పడే డోసు ఐదింతలు కావచ్చు.

చేయాల్సింది ముందు చెయ్యి ఆపడం. వేలికి ఉన్న పల్స్ ఆక్సిమీటర్ చూడాలి. ఆక్సిజన్ తగ్గినా మనిషి ఇలాగే పెనుగులాడతాడు. షుగర్, నొప్పి, నిండిన మూత్రాశయం కూడా చూసుకోవాలి. అవేవీ కాదని తేలితే, పెద్దవాళ్లకు విరుగుడు ఫ్లుమజెనిల్: 0.2 మిల్లీగ్రాములు 15 సెకన్లలో ఇచ్చి, నిమిషం ఆగి, అవసరమైతే మళ్లీ అంతే. మొత్తం 1 మిల్లీగ్రాము దాటకూడదు. తెలివి ఒకటి రెండు నిమిషాల్లోనే వస్తుంది గానీ విరుగుడు పట్టు మిడజోలం కన్నా ముందే సడలుతుంది కాబట్టి రోగిని కనీసం రెండు గంటలు కనిపెట్టి ఉండాలి. ఫెనర్గాన్ అనే, మత్తు తెప్పించే అలర్జీ మందుతో వచ్చే ఇలాంటి చిరాకుకు ఈ విరుగుడు పనిచేయదు. రెండేళ్లలోపు పిల్లలకు ఊపిరి ఆగే ప్రమాదం ఉందని ఫెనర్గాన్‌పై అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2004లోనే తీవ్ర హెచ్చరిక పెట్టించింది.

తెలంగాణలో మరో చిక్కుంది, పాఠ్యపుస్తకాల్లో దొరకనిది. కల్తీ కల్లులో కలిపే అల్ప్రజోలం, డయజెపాం కూడా మిడజోలం కుటుంబానివే. రోజూ ఆ కల్లు తాగేవాళ్లకు మామూలు డోసు ఆనదు. పైగా ఆపరేషన్ కోసం ముందురోజే చేర్చుకుంటే కల్లు అందక చేతులు వణుకుతాయి, పిచ్చిమాటలు మొదలవుతాయి. చూడ్డానికి అదీ మత్తు ఎదురుతిరిగినట్టే ఉంటుంది, వైద్యం మాత్రం పూర్తిగా తలకిందులు. అక్కడ కావాల్సింది అదే కుటుంబపు మందు, లెక్క ప్రకారం. పొరపాటున ఫ్లుమజెనిల్ ఇస్తే ఫిట్స్ రావచ్చు.

‘మందు అలవాటుందా?’ అంటే వీళ్లలో చాలామంది లేదనే అంటారు. కల్లు తాగుతారా, రోజుకు ఎన్ని సీసాలు, చివరిసారి ఎప్పుడు, మెడికల్ షాపులో నిద్రమాత్రలు కొంటారా అని విడివిడిగా అడగాలి. కండరాలను సడలించే సక్సినైల్‌కోలిన్ మందు వైశ్య కుటుంబాల్లో కొందరికి త్వరగా విరగదు కనుక, అది ఇచ్చేముందు వాళ్లను ప్రత్యేకంగా వాకబు చేయడం మన మత్తు డాక్టర్లలో చాలామందికి అలవాటే. కల్లు ప్రశ్నకూ కేస్ షీట్‌లో అలాంటి గడి ఒకటి ఉండాలి. పళ్ల ఆసుపత్రుల్లో, ఎండోస్కోపీ గదుల్లో మత్తు డాక్టర్ లేకుండానే మిడజోలం ఇస్తున్నారు. అక్కడ ఆక్సిజన్, చేత్తో నొక్కి ఊపిరి అందించే అంబు బ్యాగు, ఫ్లుమజెనిల్ ఆంపూల్ చేతికందేలా లేకపోతే ఆ సూది వేయనివ్వకూడదని మేము వైద్యశాఖను కోరుతున్నాం.

ఇంకొకటి, దీనికి పైసా ఖర్చు లేదు. మిడజోలం జ్ఞాపకాన్ని చెరిపేస్తుంది కనుక జరిగిన గొడవ రోగికి గుర్తుండదు. మందు పేరు, డోసు, ఎన్నో నిమిషంలో మొదలైంది, దేనితో తగ్గింది అన్నవి డిశ్చార్జి సమ్మరీలో రాసి, ఇంటివాళ్లకు వివరంగా చెప్పాలి. ‘రోగి సహకరించలేదు’ అని ఒక్క ముక్కతో సరిపెడితే, వచ్చే ఆపరేషన్‌కు ఇంకో ఊళ్లో, ఇంకో డాక్టర్ మళ్లీ అదే సూది వేస్తారు.