భీమిలి బోర్డు మీద ఏం రాయాలి?

(భీమునిపట్నంలో ఒక ఇంటి అరుగు. కింద సముద్రం, వెనక పావురాళ్లకొండ. బీచ్ రోడ్డు మలుపులో "డచ్ పట్నానికి స్వాగతం" అని బోర్డు పెట్టించమని మేనకోడలు అర్జీ రాసింది. సోషల్ మాస్టారుగా రిటైరైన మేనమామ సంతకం పెట్టనంటున్నాడు.)

మామ: ముందు ఆ "డచ్" కొట్టెయ్యి. భీముడి పేరున్న ఊరికి వలందావాళ్ల, అదే డచ్‌వాళ్ల, పేరెందుకమ్మా?

కోడలు: ఊరి పేరు మార్చమనలేదు మావయ్యా. జనం విశాఖ నుంచి 25 కిలోమీటర్లు వస్తారు, బీచ్‌లో ఫొటో దిగుతారు, పోతారు. ఇక్కడే 17వ శతాబ్దపు డచ్ సమాధులున్నాయని చాలామందికి తెలీదు.

మామ: తెలిస్తే అక్కడ ఇంకో ఫొటో దిగుతారు, అంతే! డచ్ ఈస్టిండియా కంపెనీ గాలి మార్పు కోసం రాలేదు. మన తీరంలో మగ్గాల మీద నేసిన బట్ట కొని, ఓడకెత్తి, తూర్పు దీవుల్లో లవంగాలకీ జాజికాయలకీ మార్చుకునేవాళ్లు. అవి యూరప్‌లో అమ్మితే అసలు లాభం. నేసినవాడి పేరు ఏ రాయి మీదైనా ఉందా? కంపెనీవాడు పోతే మాత్రం అంతెత్తు సమాధి.

కోడలు: ఆ సమాధుల మాట ఎత్తబట్టే కదా మీకు నేతగాళ్లు గుర్తొచ్చారు. అవి కూలిపోతే వీళ్ల గురించి అడిగేవాడూ ఉండడు.

మామ: అడగాలనుంటే కొండెక్కమను. దాదాపు రెండు వేల ఏళ్ల కిందట బౌద్ధ భిక్షువులు రాయి తొలిచి నీళ్ల తొట్లు చేసుకున్నారక్కడ. వాళ్ల ముందు వలందావాళ్లు మొన్నటివాళ్లు. 1825లో ఊరిని ఇంగ్లీషువాళ్ల చేతిలో పెట్టి పోయారు. ఇక్కడ యుద్ధంలో ఓడి కూడా కాదు, 1824లో లండన్‌లో కాగితాల మీద ఒప్పందం కుదిరిందని! ఊళ్లో ఒక్కణ్ణైనా అడిగారా?

కోడలు: ఇదే రాద్దాం బోర్డు మీద. నిజంగానే అంటున్నా. మరి 1861లో వచ్చిన మునిసిపాలిటీ సంగతి?

మామ: దేశంలోనే పాతవాటిలో ఒకటమ్మా అది!

కోడలు: ఇంగ్లీషువాళ్ల హయాంలోదే కదా. దాన్ని మాత్రం పెళ్లిళ్లలో కూడా గొప్పగా చెప్తారు మీరు.

(మామ మీసాల చాటున నవ్వు దాచుకున్నాడు. ఇక్కడ మాత్రం దొరికిపోయాడు.)

మామ: దానికీ దీనికీ లంకె పెట్టకు.

కోడలు: ఎందుకు పెట్టకూడదు? పరాయివాళ్లు పెట్టినదాంట్లో నచ్చింది మనది, నచ్చనిది వాళ్లదా?

మామ: (కళ్లజోడు తుడుచుకుంటూ) "స్వాగతం" కింద ఎంత చోటుంది?

కోడలు: నాలుగు లైన్లు.

మామ: మొదట కొండ. తర్వాత బట్ట. వలందావాళ్లు మూడో లైన్లో.

కోడలు: మునిసిపాలిటీ?

మామ: నాలుగు. పెద్దక్షరాలతో. పైన "డచ్ పట్నం" ఉంటే మాత్రం సంతకం అడగకు.

కోడలు: అది తీసేస్తే ఆ మలుపులో ఒక్క కారూ ఆగదు మావయ్యా.