ఎక్కమనే ముందు మోచెయ్యి కొలవండి

నా ఎత్తు నాలుగడుగుల పది అంగుళాలు. దాచుకోవడానికేం లేదు, ఇనుముని తిప్పుతూ చెక్కే లేత్ మిషను పక్కన నిలబడితే అందరికీ కనబడేదే. పద్నాలుగేళ్లుగా విజయవాడ ఆటోనగర్‌లో టర్నర్ పని చేస్తున్నా. మొదటి తొమ్మిదేళ్లు వేరేవాళ్ల షెడ్లలో, ఆ తర్వాత మా ఆయనా నేనూ పెట్టుకున్న సొంత షెడ్డులో. ఇన్నేళ్లలో నేను ఎక్కువసార్లు విన్న మాట "ఆడపిల్లవి, లారీ డ్రమ్ము తిప్పగలవా" అన్నది కాదు. "అందట్లేదా? ఏదన్నా వేసుకుని ఎక్కమ్మా" అన్నది.

ఆ "ఏదన్నా" ఏంటో చెప్తా. పెయింటు డబ్బా. రెండిటుకలు. పనికిరాని లారీ బ్యాటరీ. ఒకసారైతే పగిలిపోయిన గేర్‌బాక్సు కేసింగు. వీటన్నిటి మీదా నిలబడి పని చేశాను, చేసి బతికి బయటపడ్డాను కూడా.

మొన్న ఒక షెడ్డుకి బుష్షులు ఇవ్వడానికి వెళ్లా. కొత్తగా చేరిన పిల్ల, పంతొమ్మిదేళ్లుంటాయేమో, గ్రీజు బకెట్టు బోర్లించి దాని మీదెక్కి డ్రిల్లింగ్ చేస్తోంది. చున్నీ నడుముకి బిగించి కట్టుకుంది, జుట్టు ముడేసుకుంది, అంతవరకూ బంగారుతల్లి. కానీ బకెట్టు మీద కూడా మునివేళ్ల మీదే నిలబడి ఉంది. పక్కనే మేస్త్రి టీ తాగుతున్నాడు. "ఏం మేస్త్రిగారూ, స్టాండు కొంచెం కోయించకూడదా?" అంటే నవ్వాడు. "పొట్టివాళ్లకి పుట్టెడు బుద్ధులని ఊరికే అన్లేదు" అన్నాడు. సరే, ఆ పుట్టెడులోంచి ఓ నాలుగు మానికలు ఇక్కడ కొలిచి పోస్తా. తీసుకున్నవాళ్లు తీసుకోండి.

నా ఎడమ బొటనవేలి మీద మూడు కుట్ల మచ్చ ఉంది. పనిలో చేరిన రెండో ఏడు. అందరికీ ఇదే సైజని చేసిన స్టాండు మీద బెంచ్ డ్రిల్లు, కింద నాకు పెయింటు డబ్బా. చిల్లు పొడిచే మొనని బిట్టంటాం, దాన్ని కిందకి దించే లివరు నా నెత్తికి పైన. పొడుగువాళ్లు లివరుని చేత్తో ఒత్తుతారు. నేను దాన్ని పట్టుకుని వేలాడేదాన్ని. తేడా తెలియాలంటే బిట్టు అవతలికి తేలే క్షణం చూడాలి. అప్పటిదాకా ఎదురు తన్నుతున్న ఇనుము ఒక్కసారి వదిలేస్తుంది. చేత్తో ఒత్తేవాడు అక్కడ ఆపుకుంటాడు. ఒళ్లంతా వేసి లాగేవాళ్లు ఆపుకోలేరు. నా బరువంతా లివరుతో పాటు కిందకొచ్చింది, డబ్బా వెనక్కి జారింది, బిట్టు కిందున్న ఇనప పట్టీని పట్టుకుని గిరగిరా తిప్పింది. పట్టీ అంచు వేలు కోసింది.

"పట్టీ కదలకుండా క్లాంపు పెట్టకపోవడం నీ తప్పు" అన్నాడు ఓనరు. నిజమే, నా తప్పే, కాదన్ను. కానీ క్లాంపు బోల్టు టేబుల్‌కి వెనకవైపుంటుంది, అక్కడికి నా చెయ్యి పోదు. ఒక్కో చిల్లుకీ డబ్బా దిగి, అటు తిరిగి, బిగించి, మళ్లీ ఎక్కాలి. రోజుకి రెండొందల చిల్లులు. మీరైతే ఎన్నిసార్లు దిగుతారు?

ఇక్కడ ఒక మాట చెప్పాలి, ఎందుకంటే బాగా పని తెలిసినవాళ్లే దీన్ని తప్పు చెప్తారు. "డ్రిల్లు టేబుల్ కిందకీ పైకీ జరుగుతుంది కదా, నీకు కావాల్సినట్టు దించుకో" అంటారు. అది నా ఎత్తు కోసం పెట్టింది కాదు నాయనా, జాబు మందం కోసం, అంటే చిల్లు వెయ్యాల్సిన ఇనుము మందం కోసం పెట్టింది. టేబుల్ దించితే జాబు కిందకి పోతుంది, లివరు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. పైగా బెంచ్ డ్రిల్లులో బిట్టుని తిప్పే స్పిండిల్ దిగేది రెండు మూడు అంగుళాలే, అంతకంటే కిందకి టేబుల్ పోతే బిట్టు అసలు అందదు. తిరిగే కట్టరుతో ఇనుము చెక్కే మిల్లింగ్ మిషనూ అంతే. హ్యాండిల్ తిప్పితే టేబుల్ లేస్తుంది, దిగుతుంది, కానీ ఎక్కడ ఆగాలో చెప్పేది కట్టరు, నేను కాదు. అంచేత టేబుల్ ఎత్తు సరిచెయ్యడం అంటే టేబుల్ ఒక్కటే కాదు. చెయ్యి ఎక్కడ పట్టుకుంటుంది, కన్ను ఎక్కడ చూస్తుంది, కాలు ఎక్కడ ఆనుతుంది, ఈ మూడూ కలిపి చూసుకోవాలి.

ఐటీఐలో మాకు మొదటి వారమే నేర్పారు. ఇనుముని బిగించి పట్టే వైస్ ముందు నిటారుగా నిలబడు, పిడికిలి గడ్డం కింద పెట్టుకో, మోచెయ్యి వైస్ దవడ, అంటే జా మీద ఆనితే ఎత్తు సరిపోయినట్టు. ఎంత చక్కటి కొలత! టేపు అక్కర్లేదు, లెక్క అక్కర్లేదు. నేను వెళ్లి నిలబడి పిడికిలి పెట్టుకున్నా. నా మోచెయ్యి జా కన్నా బెత్తెడు కిందుంది. క్లాసంతా నవ్వింది. సారు కూడా నవ్వి "ఇటుకేసుకో" అన్నారు. సూత్రం నేర్పింది ఆయనే, మరుక్షణం దాన్ని పక్కన పెట్టిందీ ఆయనే. ఏడాదంతా భుజాలు చెవుల దాకా లేపి ఫైలింగ్ చేశా. రాత్రి అన్నం కలుపుకుంటుంటే మెడ పట్టేసేది.

మాది మంగళగిరి. మా తాతది గుంట మగ్గం. ఆయన మనిషి పొడుగు, కాళ్లు పొడుగు, గుంట కూడా అంతే లోతు. ఆయన తర్వాత మా నాన్న ఆ మగ్గంలో కూర్చుంటే కాళ్లు తొక్కుడుచెక్కల మీద సరిగ్గా పడేవి కావు. అప్పుడు ఎవరూ మా నాన్నని "కాళ్లు పెంచుకో" అనలేదు. గుంట అడుగున మట్టి పోసి, దిమ్మిస కొట్టి, చెక్కలు పైకి కట్టారు. ఒక పూట పని. చదువు లేని మా మగ్గంవాళ్లకి తట్టింది, ఇరవై లక్షలు పెట్టి మిషన్లు కొన్నవాళ్లకి ఎందుకు తట్టదో నాకు అర్థం కాదు. మిషను మీద ఖర్చు పెడతారు, మిషనుకీ మనిషికీ మధ్య ఉన్న ఆరంగుళాల మీద పైసా పెట్టరు.

ఇంకోటి. ఇది నా ఒక్కదాని గొడవ కాదు. మన దేశంలో ఆడవాళ్ల సగటు ఎత్తు 152 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది, అంటే అయిదడుగులకి కొంచెం అటూ ఇటూ. నేను సగటు కన్నా రెండంగుళాలే తక్కువ. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో వేసిన పనిచోటు జాగ్రత్తల పుస్తకంలోనే ఉంది: పని ఎత్తు మోచేతి దగ్గర గానీ కొంచెం కింద గానీ ఉండాలని, పొట్టి మనుషులకి కూడా మీటలు సులువుగా అందేట్టు చూడాలని. నేను కొత్తగా కనిపెట్టిందేం లేదు.

సొంత షెడ్డు పెట్టాక చేసిన మొదటి పని టేపు పట్టుకోవడం. చెప్పులు కాదు, పనికి వేసుకునే బూట్లతో నిలబడి కొలిపించుకున్నా. నేల నుంచి నా మోచెయ్యి 93 సెంటీమీటర్లు. డ్రిల్లు స్టాండు 86, దాని మీద టేబుల్ మామూలుగా నిలిచే చోటు ఇంకో 30. అంటే నా చెయ్యి పని చెయ్యాల్సింది గుండెల మీద. లివరు తిరిగే హబ్బు 150, నా కంటికన్నా పైన. కట్టింగ్ మిషన్ తెచ్చి స్టాండు కాళ్లు సరిగ్గా 25 సెంటీమీటర్లు కోశాం. టేబుల్ 91కి వచ్చింది. హబ్బు భుజం దగ్గరికి దిగింది. నాలుగు కాళ్లకీ ప్లేట్లు వెల్డింగ్ చేసి, రసమట్టం పెట్టి సరిచూసి, నేలకి బోల్టులు బిగించాం. మొదటి చిల్లు వేసినప్పుడు ఒత్తుతుంటే బిట్టు ఇనుములోకి దిగడం అరచేతికి తెలిసింది. తొమ్మిదేళ్లు డ్రిల్లు వేశా, అది అప్పటిదాకా నాకు తెలియదు.

మా ఆయనది అయిదడుగుల తొమ్మిది. ఆయన గోల ఆయనది. అందుకని ముందు పైపులో పైపు దూర్చి, పిన్నేసి ఎత్తు మార్చుకునే స్టాండు చేశాం. చూడ్డానికి భలే ఉంది. వాడితే వణుకుడు. పైపుకీ పైపుకీ మధ్య సందు ఉంటుంది కదా, బిట్టు సెంటర్ పంచ్‌తో కొట్టిన గుర్తు మీద నిలవకుండా పక్కకి పాకేది. వారంలో తీసిపారేశాం. రోజంతా ఎవరు వాడతారో వాళ్ల ఎత్తుకే మిషను, పావుగంట వాడేవాడు పావుగంట వంగుతాడు అని తీర్మానించా. ఆయన ఒప్పుకున్నాడు, లేదా ఒప్పుకున్నట్టు ఊరుకున్నాడు.

లేత్ వేరే కథ. పోత ఇనుము కాళ్లు, కొయ్యడానికి లేదు. జాబు తిరిగే సెంటరు నేల నుంచి 112. ఒకాయన నేల తవ్వి లేత్‌ని గుంటలో దించమన్నాడు. కూలెంటు, రజను, వానాకాలం నీళ్లు అన్నీ చేరి అది చేపల చెరువవుతుంది. అక్కడ మాత్రం మనిషే ఎక్కాలి. కానీ డబ్బా కాదు. లారీ బాడీలకి వాడగా మిగిలిన చెక్కలతో అరుగులాంటి బల్ల చేయించా. లేత్‌కి ఈ చివరున్న హెడ్‌స్టాక్ నుంచి ఆ చివరున్న టెయిల్‌స్టాక్ దాకా ఒకే పొడుగు, అడుగు వెనక్కేసినా పడిపోనంత వెడల్పు, ఎత్తు 15 సెంటీమీటర్లు. నా మోచేతికీ సెంటరుకీ తేడా 19, అంతా పెట్టలేదు, టర్నింగ్‌లో కంటికి పని ఎక్కువ, జాబు మోచేతికి కొంచెం పైనుంటేనే హాయి. అంచుకి పసుపు రంగు, పైన గరుకు రబ్బరు.

రెండు పొరపాట్లు చేశా, మీరు చెయ్యకండి. బల్ల వేశాక కాలి బ్రేకు బల్లకి దిగువకి పోయింది. మొదటి రోజు మధ్యాహ్నం తొక్కబోతే కాలికి చెక్క తగిలింది. జాబుని పట్టుకుని తిప్పే చక్ తిరుగుతూనే ఉంది. గుండె ఆగినంత పనైంది. అప్పటికప్పుడు పెడలు మీద పట్టీ వెల్డింగ్ చేసి పైకి లేపాం. రెండోది, లారీ బ్రేకు డ్రమ్ము మోసుకుని బల్ల ఎక్కబోయా. యాభై కిలోలకి అటూ ఇటూ ఉంటుంది. మెట్టు మీద బరువు చాలా చెడ్డది. ఇప్పుడు పైన బరువులెత్తే చైన్ బ్లాకు ఉంది.

"ఇదంతా ఖర్చు కదమ్మా" అనేవాళ్లకి చెప్తున్నా. డ్రిల్లు స్టాండుకి నాకైంది ఒక కట్టింగ్ వీలూ, నాలుగు ప్లేటు ముక్కలూ, ఓ మధ్యాహ్నం.

ఇంత రాశాక నా సంగతి కూడా చెప్పకపోతే పాపం తగుల్తుంది. ఆరు నెలల క్రితం మా దగ్గర ఒక కుర్రాడు చేరాడు. ఆరడుగులకి అంగుళం తక్కువ. డ్రిల్లు పని చాలావరకు ఇప్పుడు వాడిదే, నేను లేత్ మీదే ఉంటా. పోయిన వారం సాయంత్రం నడుము పట్టుకుని గోడకి ఆనుకుని ఉన్నాడు. "ఏంట్రా?" అంటే "ఏం లేదక్కా, వంగి వంగి" అన్నాడు. "వయసులో ఉన్నావ్, వంగితే ఏం పోయింది" అన్నా. నా నోటితోనే. అనేసి లోపలికెళ్లి టీ పెట్టుకుంటుంటే ఆ మేస్త్రి నవ్వు గుర్తొచ్చింది.

వాడి మోచెయ్యి 113. నిన్న కొలిచా. ఆదివారం షెడ్డు మూసి వెల్డింగ్ పెట్టుకున్నాం. స్టాండు కాళ్ల కింద బోల్టు చేసే ఇనప చానెల్ దిమ్మలు నాలుగు, ఎనిమిదేసి అంగుళాలవి.