ఒకటిన్నర స్పీడు

తిరుపతి బైరాగిపట్టెడలో కరెంటు పోయిన ఒక సాయంత్రం, మేడమీద మేనమామకూ మేనకోడలికీ జరిగిన వాదన ఇది. మామ పాతికేళ్లకు పైగా సినిమా హాల్లో ఆపరేటరుగా పనిచేశాడు. కోడలు డిగ్రీ రెండో సంవత్సరం. నెలనెలా చదివిన పుస్తకాలు, చూసిన సినిమాలు ఒక నోటుబుక్కులో రాసుకుంటుంది. ఏప్రిల్ లెక్క: సినిమాలు 14, పుస్తకాలు 5. సినిమాల్లో తొమ్మిది ఫోన్లో ఒకటిన్నర స్పీడులో చూసినవి. పుస్తకాల్లో ఒకటి పావుగంట ఆడియో సారాంశం. నేను మామ పక్షమే, ముందే చెబుతున్నాను. అయినా ఆ పిల్ల అడిగినవాటిలో ఒకదానికి నాకు ఇప్పటికీ జవాబు దొరకలేదు.

మామ: పద్నాలుగు సినిమాలా! కాలేజీకి పోతున్నావా, లేదా?

కోడలు: పోతున్నా మామా. రెండున్నర గంటల సినిమా ఒకటిన్నర స్పీడులో పెడితే గంటా నలభై నిమిషాల్లో అయిపోతుంది. కథ ఏమీ తప్పిపోదు.

మామ: కథ తెలుసుకోవడానికైతే అంతసేపు కూడా ఎందుకు? ఇంటర్వెల్లో టీ బంకు దగ్గర ఎవరినడిగినా రెండు నిమిషాల్లో చెప్పేవాళ్లు.

కోడలు: వినడం వేరు, చూడటం వేరు.

మామ: అదే నేనూ అంటున్నా. సినిమా అంటే సెకనుకు 24 బొమ్మలు. తీసేవాళ్లు ఆ లెక్కతోనే తీస్తారు. ఒకామె తలుపు తీసి, గడపలో నిలబడ్డ మనిషిని చూసి, మూడు సెకన్లు ఏమీ మాట్లాడలేదనుకో. ఆ మూడు సెకన్లు డైరెక్టరూ ఎడిటరూ కూర్చుని తేల్చుకున్నవి. నువ్వు వాటిని రెండు చేశావు. ఆమె ఇంకా నోరు తెరవలేదు కాబట్టి అక్కడ ఏమీ జరగలేదని నీకనిపిస్తుంది. జరిగేదంతా అక్కడే. మా క్యాబిన్‌లో రెండు ప్రొజెక్టర్లు ఉండేవి. రెండు వేల అడుగుల రీలు ఇరవై రెండు నిమిషాలు ఆడుతుంది. అది అయిపోవస్తుంటే తెరకు కుడివైపు పైమూలన చిన్న చుక్క పడుతుంది. అది కనబడగానే రెండో మిషన్ మోటారు వేయాలి. ఏడెనిమిది సెకన్లకు ఇంకో చుక్క. అప్పుడు మార్చాలి. ఒక్కో చుక్క నాలుగు బొమ్మల సేపే, అంటే సెకనులో ఆరో వంతు. రెప్ప పడిందా, తెర తెల్లబడి కింద ఈలలు మొదలు. ఇంకోపక్క బొమ్మకు వెలుగిచ్చే కార్బన్ కడ్డీలు కాలుతూ ఉంటాయి. వాటి మధ్య ఎడం సరిచేస్తూ ఉండకపోతే బొమ్మ మసకబారుతుంది. ఆ వేడికి చొక్కా విప్పేసి బనియన్‌తో నిలబడేవాణ్ణి. ఎందుకంటావు? ఒక్క సెకను కూడా పోకుండా జనానికి అందాలని.

కోడలు: ఒక్క సెకను కూడానా? సెకండ్ షో తొందరగా ముగించాలని మీరు పాటలు కోసేసేవాళ్లంట కదా? అమ్మ చెప్పింది.

మామ: కోశాం. మేనేజరు చెప్పేవాడు, కోసేవాళ్లం, పొద్దున మళ్లీ అతికించేవాళ్లం. అది తప్పే. బెంచీలవాళ్లు లేచి "డబ్బులిచ్చాం, మా పాటేదిరా" అని గొడవపడేవాళ్లు. న్యాయం వాళ్ల దగ్గరే ఉంది. నువ్వైతే నీ పాట నువ్వే కోసుకుంటున్నావు, అడిగే బెంచీ కూడా లేదు.

కోడలు: ఇంకోటి అడుగుతా. ఒకే సినిమా రోజుకు నాలుగు ఆటలు, యాభై రోజులు నడిపావు. రెండు వందల సార్లు! ఒక్కసారైనా చూశావా? నీ కళ్లు ఆ మూలన చుక్క మీదే కదా.

మామ: క్యాబిన్‌లో నుంచి చూడలేదు. సెలవు రోజు వేరే హాలుకు పోయి, టిక్కెట్టు కొనుక్కుని కూర్చునేవాణ్ణి.

కోడలు: నువ్వు పోగలవు. నన్ను సెకండ్ షోకి పంపుతారా? ఫస్ట్ షోకి పోయొస్తేనే అమ్మ వీధి చివర నిలబడి ఉంటుంది. నాకు దుప్పటి కింద ఈ ఫోనే హాలు. పదకొండుకు అందరూ పడుకున్నాక మొదలుపెడితే ఒంటిగంటలోపు అయిపోవాలి. పొద్దున ఐదుకు లేచి నీళ్లు పట్టాలి. స్పీడు నా సరదా అనుకున్నావా?

(మామ చాలాసేపు మాట్లాడలేదు. నాకు జవాబు దొరకలేదన్న మాట ఇదే.)

మామ: సరే, పుస్తకాలకొస్తా. ఇదేంది? "అతడు అడవిని జయించాడు. ముసలాయన, పంది, అడవి. 2 గంటలు. 5కి 4." ఇంతేనా?

కోడలు: చిన్న పుస్తకమే కదా.

మామ: చిన్నదే. తప్పిపోయిన పందిని వెతుక్కుంటూ ఒక ముసలాయన అడవిలోకి పోతాడు, అంతే. రాసిన కేశవరెడ్డి మన ఉమ్మడి చిత్తూరు జిల్లా మనిషి. డిచ్‌పల్లిలో కుష్ఠురోగుల ఆసుపత్రిలో డాక్టరుగా పనిచేశాడు. నేను దాన్ని క్యాబిన్‌లోనే చదివాను, రీలుకూ రీలుకూ మధ్య.

కోడలు: సెకను సెకనూ కాపలా కాశానన్నావు, మళ్లీ రీలు తిరుగుతుంటే చదివానంటున్నావు!

మామ: కార్బన్లు పోయి జినాన్ ల్యాంపు వచ్చాక కాస్త కూర్చోడానికి వీలైంది. పదిహేను నిమిషాలు చదవడం, లేచి రీలు మార్చడం. వారం పట్టింది. ఆ వారమంతా సెకండ్ షో అయ్యాక సైకిల్ మీద ఇంటికొస్తుంటే కొండ నల్లగా కనిపించేది. ఆ ముసలాయన ఇంకా ఆ చీకట్లోనే తిరుగుతున్నట్టుండేది. మీ అత్త అన్నం పెడుతుంటే కూడా ఆయన గురించే చెప్పేవాణ్ణి. నువ్వు మర్నాడే ఇంకో పుస్తకం తీశావు. ఆయన నీ దగ్గర ఒక్క రాత్రైనా ఉన్నాడా?

కోడలు: మన జిల్లా, మన జిల్లా అంటావు. నేను ఇంటర్ హాస్టల్లో నోరు తెరిస్తే నవ్వేవాళ్లు. 2021లో ఎర్రచందనం సినిమా వచ్చాకే మన మాట అందరి నోళ్లలోకీ వచ్చింది. పుస్తకాలు ఆ పని చేశాయా?

మామ: అంతవరకు నవ్వారు, తర్వాత మిమిక్రీ చేశారు. దాన్ని గౌరవమంటావా? దామలచెరువు అంటే నీకు మామిడికాయల మండీయే తెలుసు. మధురాంతకం రాజారాం ఆ ఊళ్లో ఉండి, పంతులు ఉద్యోగం చేసుకుంటూ మన పల్లెల కథలు రాశాడు. 1993లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది.

కోడలు: వచ్చినట్టు మా హాస్టల్లో ఒక్కరికీ తెలీదు. గౌరవమో కాదో, నేను నా మాటలో మాట్లాడగలిగాను. నువ్వు ఆ హాస్టల్లో లేవు మామా.

మామ: లేను. అది ఒప్పుకుంటా.

కోడలు: అక్కడి సంగతి ఇంకోటి కూడా విను. రెండేళ్లు మెటీరియల్ తప్ప వేరే కాగితం ముట్టుకోనివ్వలేదు. కథల పుస్తకం కనిపిస్తే వార్డెన్ లాక్కుని బీరువాలో పెట్టేవాడు. బయటికొచ్చాక చదువుదామని కూర్చుంటే రెండో పేజీకి పోలేకపోయేదాన్ని. ఏడుపొచ్చేది. ఈ లెక్క మొదలుపెట్టాకే నెలకు ఒకటి, తర్వాత రెండు. ఈ అంకె లేకపోతే నేను ఈ రోజుకీ చదివేదాన్ని కాదు.

మామ: ఆ అంకెకు నేనూ దండం పెడతా. కానీ ఇప్పుడు అది నిన్ను తరుముతోంది పాపా. ఏప్రిల్ 28కి ఎన్ని ఉన్నాయి?

కోడలు: పన్నెండు సినిమాలు, నాలుగు పుస్తకాలు.

మామ: రెండు రోజుల్లో రెండు సినిమాలు, ఒక సారాంశం. ఎందుకంత తొందర?

కోడలు: మార్చిలో పద్నాలుగూ ఐదూ ఉన్నాయి.

మామ: ఆ సారాంశం ఏ పుస్తకానిది?

(ఆ పిల్ల నోటుబుక్కు తిప్పి చూసి చెప్పాల్సి వచ్చింది.)

మామ: నీకు టైము లేదు, నిజమే. అయితే తగ్గించాల్సింది సినిమాల లెక్క, తలుపు తీసినామె మాట్లాడకుండా నిలబడ్డ సేపు కాదు. పద్నాలుగు బదులు నాలుగు చూడు. ఇంటర్వెల్ దాకా ఒక రాత్రి, మిగతాది మర్నాడు. మధ్యలో పగలంతా, తర్వాత ఏమవుతుందా అని నీళ్లు పడుతూ ఆలోచించు. మేమంతా ఇంటర్వెల్లో చేసింది అదే. ఇక సెకండ్ షో సంగతి, మీ అమ్మతో నేను మాట్లాడతా.

కోడలు: మాట్లాడి చూడు, అప్పుడు చెప్తా. ఆ చుక్క ఫోన్లో కనిపిస్తుందా?

మామ: పాత ప్రింట్ల నుంచి ఎక్కించినవాటిలో, చెరిపేయకపోతే ఉంటుంది. నలుపు తెలుపు సినిమా ఏదైనా పెట్టు. మామూలు స్పీడులో.

పిట్టగోడకు ఆనుకుని ఇద్దరూ ఆ చిన్న తెరలోకి చూస్తూ కూర్చున్నారు. మధ్యలో కరెంటు వచ్చింది, కిందికి ఎవరూ పోలేదు. మామ చెయ్యెత్తి మూలకు చూపబోయేంతలో కోడలే అంది.

"పడింది మామా!"