స్పైరల్ వేసిన వీడియో

వీడియోకు రంధ్రాలు పొడిచి, స్పైరల్ తొడిగి, పైన మెరిసే ప్లాస్టిక్ అట్ట వేయవచ్చని నాకు మొన్నటిదాకా తెలియదు. నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర ఒక జిరాక్స్ షాపులో తెలిసింది. మా మేనకోడలు బీఎడ్ రెండో ఏడాది. తరగతి గది కోసం ఒక డిజిటల్ కథ తయారు చేయాలని కాలేజీలో చెప్పారు. చేసింది. మూడు నిమిషాల కథ. “ఇది ఎట్ల ఇయ్యాలెనే సార్లకు?” అని అడిగితే, “ఒక్కొక్క సీన్ స్క్రీన్‌షాట్ తీసి, కలర్ ప్రింట్ కొట్టిచ్చి, రికార్డు పెట్టాలె మామా” అంది. మూడు నిమిషాలు 32 పేజీలయ్యాయి. షాపతను పేజీకి పది రూపాయల లెక్కన తీసుకున్నాడు. ధ్వని లేదు కదా అని తగ్గించమంటే ఒప్పుకోలేదు.

నవ్వకండి. కాగితపు వీడియోలోని సుగుణాలు నిదానం మీద గానీ అర్థం కావు. దానికి కరెంటు అక్కర్లేదు, నెట్ అక్కర్లేదు. మధ్యలో ఆగి చక్రం తిరగదు. వేలికి కాస్త తడి చేసుకుంటే ఎంత పెద్ద సీనైనా కదులుతుంది. బయటి నుంచి వచ్చే ఎక్స్‌టర్నల్ సారు సంగతీ ఆలోచించాలి. వంద మంది కథలు, ఒక్కొక్కటి మూడు నిమిషాలు, కూర్చుని చూస్తే ఐదు గంటలు. అవే రికార్డులైతే భోజనానికి ముందే ముగుస్తాయి. అన్నిటికన్నా ముఖ్యం, పచ్చ సిరా సంతకం వీడియో మీద నిలవదు.

ఈ డిజిటల్ కథ అనే విద్యకు పుట్టిల్లు అమెరికా. 1990ల్లో కాలిఫోర్నియాలో డానా ఆచ్లీ, జో లాంబర్ట్ అనే కళాకారులు దీనికి ఒక రూపం ఇచ్చారు. మామూలు మనిషి తన బతుకులోని ఒక ముచ్చటను, ఇంట్లో ఉన్న పాత ఫొటోలతో, తన గొంతుతోనే, రెండు మూడు నిమిషాల్లో చెప్పుకోవడం. అంతే. దృక్కోణం, కథను నడిపే ప్రశ్న, మనసును తాకే విషయం, సొంత గొంతు, సంగీతం, పొదుపు, నడక అని ఏడు అంశాలు చెప్పారు. మా మేనకోడలు ఆ ఏడూ ఒక రాత్రిలో బట్టీ పట్టింది. “సొంత గొంతు” దగ్గర రెండుసార్లు తడబడింది గానీ, చూడకుండా రాయగలిగింది.

కాలేజీలో ప్రొజెక్టర్ లేదా అని అడుగుతారని తెలుసు. ఉంది. తాళం వేసిన బీరువాలో క్షేమంగా ఉంది. ఊరి పక్కనే పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం గర్భగుడిలో పొద్దంతా స్తంభంలాంటి ఒక నీడ లింగం మీద పడుతూనే ఉంటుంది. వందల ఏళ్లుగా రిపేరు లేదు, రిమోట్ పోలేదు. దాన్ని కట్టినవాళ్లు టెండరు పిలిచి ఉండరని నా అనుమానం.

ఇక కథ ఏది చేయాలన్నది. ట్రైనీలకు కాలేజీలో ఇచ్చిన సలహా ఒక్కటే: దాహం వేసిన కాకి. ఎంతో ఆలోచించి ఇచ్చిన సలహా అది. కాకికి కులం లేదు, ఊరు లేదు, ఓటు లేదు. ఎవరి మనోభావాలూ దెబ్బతినవు. పైగా చివర నీతి కూడా ఉంటుంది. అందుకే జిరాక్స్ షాపు కంప్యూటర్‌లో తయారైన కాకి ఒకటి ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. పేరు, హాల్ టికెట్ నంబరు మార్చుకుంటే చాలు. పోయిన ఏడు దేవరకొండ పిల్లల కోసం ఎగిరిన కాకే ఈ ఏడు మిర్యాలగూడ పిల్లల కోసం ఎగురుతోంది. అదే కుండ, అవే రాళ్లు. నీటిమట్టం కూడా అంతే లేస్తుంది.

మా పిల్లా కాకితోనే మొదలుపెట్టింది. ఇంటర్న్‌షిప్‌కు పోయిన హైస్కూల్లో ఆరో తరగతికి ఫోన్‌లో చూపింది. పీరియడ్ ప్లాన్‌లో “విద్యార్థుల ప్రతిస్పందన” గడిలో ముందురోజు రాత్రే రాసి పెట్టుకుంది: విద్యార్థులు ఆసక్తిగా వింటారు. తీరా కాకి కుండ మీద వాలగానే ఒక పిలగాడు లేచి, “టీచర్, గా కుండలయి బోరు నీళ్లా, కృష్ణ నీళ్లా?” అన్నాడు. ఆ గడిలో ఈ ప్రశ్నకు చోటు లేదు.

మా జిల్లాలో మర్రిగూడ, మునుగోడు వైపు కాకి కథ సాఫీగా సాగదని కథ రాసినవాళ్లకు తెలియకపోవడం వాళ్ల తప్పు కాదు. మా దగ్గర నీళ్లలో రాళ్లు వేయాల్సిన పని కాకికి లేదు. గ్రానైటు రాయే తనంతట తాను నీళ్లలో కరిగి ఫ్లోరైడై వచ్చేస్తుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దన్నది ప్రమాణం. మా బోర్లు అంత పొదుపు పాటించలేదు. ఆ నీళ్లు మరిగించినా ఫ్లోరైడ్ పోదు. చిన్నప్పుడు తాగితే పళ్ల మీద గోధుమరంగు చారలు, ఏళ్ల తరబడి తాగితే వంగిన నడుము, ముడుచుకోని మోకాళ్లు. ఆ కాకి నిజంగా తెలివైనదైతే కుండను చూసి ఎగిరిపోవాలి. అప్పుడు కథ సగం నిమిషంలో అయిపోతుంది, రికార్డుకు ఐదు పేజీలే వస్తాయి.

పిల్ల కాకిని వదిలేసి వాళ్ల తాతను పెట్టింది. ఇంట్లోని పాత ఫొటోలు, చేదబావి, బావి ఎండితే వేసిన బోరు, ఆయన నడక. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఫ్లోరైడ్‌ను అడుక్కి దించే పద్ధతిని నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) తయారు చేసిందనీ, దాని పేరు “నల్గొండ టెక్నిక్” అనీ, ఇథియోపియా, టాంజానియాల్లో కూడా ఆ పేరుతోనే తెలుసుననీ రెండు వాక్యాలు. చివర ఇంటి ముందటి నల్లా. అంతా 250 మాటల్లోపే. టాంజానియాలో నల్లగొండ పేరు చెబితే నీళ్లు గుర్తొస్తాయట. ఇక్కడ మాత్రం పాఠానికి కాకి కావాలి.

గైడ్ మేడమ్ చూసి నొచ్చుకున్నారు. “బాగుందమ్మా, కానీ ఇందులో నీతి ఏది?” అన్నారు. నీతి దొరకలేదు. తరువాత భాష దగ్గర ఆగారు. “తాత మోకాళ్లు వంగకపాయె” అని పిల్ల తన గొంతుతో చెప్పింది. ప్రామాణిక భాషలో, యాప్‌లో ఉండే గొంతుతో చెప్పిస్తే హుందాగా ఉంటుందన్నారు. చేసి చూసింది. “మా తాతగారి మోకాళ్లు బిగుసుకుపోయినవి” అని ఆ యంత్రం చెప్పిన తీరుకు, తాతగారు ఐదో నంబరు ప్లాట్‌ఫాం మీదికి వచ్చుచున్నారని అనిపించింది నాకు. పిల్ల మళ్లీ తన గొంతే పెట్టింది. మేడమ్ కాసేపు ఆలోచించి, “సరేలే, ప్రింటులో ఎట్లాగూ వినపడదు కదా” అన్నారు. కాగితపు వీడియో ఇచ్చే స్వేచ్ఛ ఏ యాప్ ఇస్తుంది చెప్పండి.

ఎక్స్‌టర్నల్ సారు 32 పేజీలూ ఓపికగా తిప్పారు. తాత దగ్గర ఆగలేదు, బోరు దగ్గర ఆగలేదు. చివరికి వచ్చి, “ఇండెక్స్ ఏదమ్మా?” అన్నారు. అక్కడికక్కడ పెన్నుతో రాసిచ్చింది: 1వ పేజీ తాత, 9వ పేజీ బోరు, 17వ పేజీ మోకాళ్లు, 32వ పేజీ నల్లా. పచ్చ సంతకం పడింది.

ఆ రికార్డును ఆదివారం ఊరికి తీసుకుపోయింది. నేనూ వెళ్లాను. పెద్దాయన గడప దగ్గర కాళ్లు చాపి కూర్చుని, వేలికి తడి చేసుకుంటూ తన కథను తిప్పుతున్నాడు.

“గీ మూలకు ఏందే ఇది? అన్ని పేజీలల్ల ఉన్నది” అన్నాడు.

“వాటర్‌మార్క్ తాతా. యాప్ ఫ్రీగ వాడుకుంటే పడ్తది. పైసలు కడితే పోతది.”

“వాటర్ అంటే నీళ్లే గదా?”

“ఆఁ.”

పెద్దాయన నోరు తెరిచి పళ్లు చూపించాడు. “మాకు గూడ ఫ్రీగనే పడ్డది” అని, వేలు మళ్లీ తడి చేసుకుని పేజీ తిప్పాడు.