వంద శాతం జ్వరం

పర్లాకిమిడిలో ఒక ఇంటర్నెట్ ఆపరేటరు రూటర్‌కి జ్వరం వచ్చింది. సాయంత్రం అయితే చాలు, ఊళ్లో నెట్ నత్తనడక. ఓనరుగారు ప్రాసెసర్ ఎంత పనిలో ఉందో చూపే ‘టాప్’ కమాండ్ కొట్టించి చూశారు. ప్రాసెసర్‌లో పని చేసే రెండు కోర్లూ వంద శాతం. ఊరంతా పడుకున్నాక రాత్రి రెండింటికి చూసినా వందే.

ఈ రోగానికి మన దగ్గర సంప్రదాయ వైద్యం ఒకటే, రీస్టార్ట్. దాని గుణం అమోఘం: మిషను మళ్లీ లేచేదాకా లోడు సున్నా. నెట్టూ సున్నా, అది వేరే విషయం. రెండో వైద్యం పెద్ద మిషను కొనడం. కొన్నారు, ప్యాకెట్ల పనికి ఎనిమిది కోర్లు కేటాయించారు. మర్నాటికి ఎనిమిదీ వంద. సొంత డబ్బుతో జ్వరాన్ని నాలుగింతలు చేసుకున్న ఘనత ఆయనది.

అప్పుడు నా మేనల్లుణ్ణి పిలిచారు. వాడు చెప్పింది వింటే రోగం టాప్‌ని చదివేవాళ్లదేనని తేలింది. ఆ రూటర్‌లో ప్యాకెట్లని, అంటే నెట్‌లో ముక్కలుగా వచ్చే డేటాని, దారి పట్టించే సాఫ్ట్‌వేర్ వీపీపీ, దాని అడుగున కార్డు నుంచి ప్యాకెట్లు నేరుగా అందుకునే డీపీడీకే. మామూలుగా ప్యాకెట్ వస్తే నెట్‌వర్క్ కార్డు తలుపు కొడుతుంది (దీన్నే ఇంటరప్ట్ అంటారు), ప్రాసెసర్ లేచి చూస్తుంది. డీపీడీకే పోల్ మోడ్‌కి ఆ మర్యాదలు లేవు. కార్డు దగ్గరే నిలబడి, మా ఊరి పద్ధతిలో తెలుగులోనూ ఒడియాలోనూ, “వచ్చిందా? ఆసిలా కి? వచ్చిందా? ఆసిలా కి?” అని అడుగుతూనే ఉంటుంది. వచ్చినా వంద శాతమే, రాకపోయినా వంద శాతమే. పది గిగాబిట్ల లైను మీద 64 బైట్ల ప్యాకెట్లు నిండుగా వస్తే సెకనుకి కోటీ 48 లక్షలు, ఒక్కోదానికి దొరికేది 67 నానోసెకన్లు. అంత హడావుడిలో తలుపు చప్పుడికి నిద్ర లేచే తీరిక ఎవరికి?

“పాతపట్నం, పాతపట్నం అని అరిచే ఆటోవాడి గొంతు చూసి బేరం తెలుస్తుందా మావయ్యా? సీట్లు చూడాలి” అన్నాడు వాడు. వీపీపీ ఆటోకి సీట్లు 256. నిండేదాకా ఆగదు, ఉన్నవాళ్లని ఎక్కించుకుని పోతుంది. ఒక్కో ట్రిప్పుకి సగటున ఎందరు, అంటే ఎన్ని ప్యాకెట్లు, ఎక్కారో వీపీపీలోని ‘షో రన్‌టైమ్’ కమాండ్ చెబుతుంది. ముందు ‘క్లియర్ రన్‌టైమ్’ కొట్టకపోతే పాత లెక్కలు కూడా కలిసొచ్చి సగటు అబద్ధమాడుతుంది. గిడుగు వారు పాఠాలు చెప్పిన ఊరిలో ఇంకా టాప్ గ్రాంథికాన్నే పట్టుకుని వేలాడటం, నాకైతే కాస్త సిగ్గుగానే అనిపించింది.

రాత్రి ఎనిమిదింటికి లెక్క తీశాడు. ఒక కోర్ దగ్గర ట్రిప్పుకి 250కి తగ్గడం లేదు. మిగతా ఏడూ ఖాళీ ఆటోలు, గొంతు మాత్రం సమానం! ప్యాకెట్ ఐపీ అడ్రసు చూసి కార్డు వాటిని కోర్లకి తలో క్యూగా పంచాలి. కస్టమర్లంతా పీపీపీఓఈ మీద, అంటే లాగిన్ కనెక్షన్‌లో ప్యాకెట్‌కి తొడిగే ఒక కవరులో, వస్తారు. ఐపీ అడ్రసు ఆ కవరు లోపల ఉంటుంది. వీళ్ల కార్డుకి కవరు విప్పడం రాదు, అందుకని అందరినీ ఒకే క్యూలోకి తోసేసింది. ఆ క్యూ పొంగి ప్యాకెట్లు నేలపాలయ్యాయి. పాత మిషనుదీ ఇదే కథ అయి ఉండాలి. రోగిష్ఠి కోర్‌కీ, ఆరోగ్యంగా ఖాళీగా ఉన్న కోర్‌కీ ఒకే వంద వేసిన టాప్‌ని ఇన్నాళ్లూ డాక్టరనుకున్నాం.

కవరు విప్పగలిగే కార్డు వేశారు. నెట్ పరుగెత్తింది. టాప్‌లో ఎనిమిదీ ఇంకా వందే. ఓనరుగారికి నిద్ర పట్టలేదు. ఇంటరప్ట్ మోడ్‌కి మార్చి ఆ అంకెను దించొచ్చు గానీ, అప్పుడు ప్యాకెట్లు కాస్త ఆగాల్సి వస్తుందని వీడు ఎంత చెప్పినా ఎక్కలేదు. చివరికి టాప్ తీసేసి, సీట్లు ఎంత నిండుతున్నాయో శాతంలో చూపే తెర ఒకటి పెట్టాడు. 12 అని కనబడింది.

ఓనరుగారు చాలాసేపు చూసి అడిగారు: “ఇంత డబ్బెట్టి కొన్న మిషను పన్నెండు శాతమే పని చేస్తందేటి బాబూ?”