ఎదుర్లంక వంతెన దాటితే

కోనసీమ వైపు నుంచి ఎదుర్లంక వంతెన దాటి యానాంలో అడుగుపెట్టిన ద్విచక్ర వాహనదారుల్లో చాలామంది ముందుగా వెతికేది పెట్రోలు బంకునే. గోదావరి పాయ అయిన గౌతమికి ఇవతలి ఒడ్డున 2025లో లీటరు 109 రూపాయలకు అటూ ఇటూగా పలికిన పెట్రోలు అవతలి ఒడ్డున పది రూపాయలకు పైగా తక్కువకు దొరికింది. చుట్టూ ఆంధ్రప్రదేశ్ ఉన్నా యానాం పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో భాగం కావడం, అక్కడి వ్యాట్ (రాష్ట్ర స్థాయిలో వేసే అమ్మకపు పన్ను) మనకంటే బాగా తక్కువ కావడం తప్ప ఈ తేడాకు వేరే కారణం లేదు. ట్యాంకు నింపుకొని, వంతెన మీదుగా వెనక్కి వచ్చే మనిషికి ఏ ఆర్థికవేత్తా విడమరచి చెప్పనక్కరలేదు: తాను కొంటున్న దానిలో నూనె ఎంతో, పన్ను ఎంతో అతనికి తెలిసిపోయింది.

అదే కోనసీమ భూగర్భం నుంచి దశాబ్దాలుగా చమురు, సహజవాయువు తోడుతున్నారు. తాటిపాకలో చిన్నపాటి చమురుశుద్ధి కర్మాగారమే ఉంది. 1995లో పాశర్లపూడి బావి రెండు నెలలకు పైగా మండినప్పుడు ఊళ్లకు ఊళ్లు ఖాళీ చేసి వెళ్లింది ఇక్కడివారే. 2014లో నగరం గ్రామంలో గ్యాస్ గొట్టపుమార్గం పేలి తెల్లవారేసరికి కాలిపోయిందీ ఇక్కడివారే. ఇంధనం కోసం ఇంత మూల్యం చెల్లించిన ప్రాంతం దేశంలోనే అత్యధిక ధరల్లో ఒకదానికి పెట్రోలు కొట్టించుకోవలసి రావడం, చౌక ధర కోసం ఏరు దాటవలసి రావడం ఏ పాలకుడినీ ఇబ్బంది పెట్టినట్టు కనిపించదు.

హోటల్లో రెండు ఇడ్లీలు తిని బయటికి వస్తే చేతిలో పెట్టే బిల్లు మీద కేంద్ర జీఎస్టీ ఇంత, రాష్ట్ర జీఎస్టీ ఇంత అని రెండు వరుసలు విడివిడిగా ఉంటాయి. బంకులో ఇచ్చే చీటీ మీద తేదీ, లీటర్లు, లీటరు ధర, మొత్తం సొమ్ము తప్ప పన్ను ఊసు ఉండదు. ఐదు శాతం పన్నుకు లెక్క చెప్పే వ్యవస్థ, దాదాపు సగం పన్నే అయిన సరుకు దగ్గరికి వచ్చేసరికి నోరు మెదపదు. లెక్క వేసి చూద్దాం. 2025లో హైదరాబాద్‌లో 107 రూపాయలు దాటిన లీటరు పెట్రోలులో కేంద్రం ఎక్సైజ్ సుంకం కింద తీసుకున్నది 21.90 రూపాయలు, 35.2 శాతం వ్యాట్ కింద తెలంగాణ తీసుకున్నది 28 రూపాయలకు కొంచెం తక్కువ. బంకు దగ్గర బండి ఆపి ‘వందకు కొట్టు’ అనే కుర్రవాడి వందలో సుమారు 46 రూపాయలు పన్నుగా పోయాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఇంకొంచెం ఎక్కువే. మీటరులో సున్నా చూసుకోమని బంకు కుర్రాడు మర్యాదగా చెబుతాడు గానీ, చూడవలసిన అసలు అంకె ఆ మీటరులో కనిపించదు.

ధరలను మార్కెట్‌కు వదిలేస్తున్నామని చెప్పినప్పుడు ప్రజలకు ఇచ్చిన మాట ఒకటుంది. అంతర్జాతీయ ధర పెరిగితే పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది, సర్కారు జోక్యం ఉండదు అన్నారు. పెట్రోలును 2010 జూన్‌లో, డీజిల్‌ను 2014 అక్టోబరులో నియంత్రణ నుంచి తప్పించారు. రోజువారీ సవరణను 2017 మే 1న ప్రయోగాత్మకంగా మొదలుపెట్టిన ఐదు నగరాల్లో మన విశాఖ ఒకటి; జూన్ 16 నుంచి దేశమంతటా అమలు చేశారు. ఆ తరువాత జరిగింది చూస్తే మార్కెట్ సూత్రం ఒక దిశలోనే పనిచేసిందని ఒప్పుకోక తప్పదు. 2014 నవంబరు, 2016 జనవరి మధ్య ముడిచమురు ధర పాతాళానికి జారుతుంటే తొమ్మిది సార్లు ఎక్సైజ్ పెంచి, ఆ లాభం వినియోగదారుడి దాకా రాకుండా ఖజానాకు మళ్లించారు. 2020 ఏప్రిల్‌లో, కొవిడ్ దెబ్బకు భారత్ కొనే ముడిచమురు బ్యారెల్ 20 డాలర్ల దరిదాపుల్లో పడి ఉండగా, మే మొదటివారంలో ఒక్క దెబ్బకు పెట్రోలు మీద 10, డీజిల్ మీద 13 రూపాయలు వడ్డించారు. 2014 ఏప్రిల్‌లో పెట్రోలు మీద 9.48 రూపాయలుగా ఉన్న ఎక్సైజ్ అప్పటికి 32.98కి చేరింది; డీజిల్ మీద 3.56 నుంచి 31.83కి ఎగబాకింది. పెట్రో ఉత్పత్తుల మీద కేంద్ర ఎక్సైజ్ రాబడి 2014-15లో 99 వేల కోట్లు కాగా, జనం ఇళ్లలో కూర్చున్న 2020-21లో 3.7 లక్షల కోట్లు దాటింది. గత ప్రభుత్వం వదిలివెళ్లిన చమురు బాండ్ల (చమురు కంపెనీలకు నగదుకు బదులు ఇచ్చిన రుణపత్రాల) భారం వల్ల తగ్గించలేకపోతున్నామని 2021లో ఆర్థికమంత్రి చెప్పారు. ఆ బాండ్ల అసలు బకాయి 1.3 లక్షల కోట్లు. అంటే ఒక్క ఏడాది రాబడిలో మూడో వంతు కంటే కొంచెం ఎక్కువ.

తగ్గింపులు అసలు లేవనడం అన్యాయమవుతుంది. 2021 దీపావళి ముందురోజు, మళ్లీ 2022 మే 22న కేంద్రం ఎక్సైజ్ కోసింది. 2022లో ఉక్రెయిన్ యుద్ధం కారణంగా బ్యారెల్ 120 డాలర్లు దాటినప్పుడు ప్రభుత్వరంగ చమురు కంపెనీలు ధరను కదపకుండా కొన్ని నెలలు నష్టం మోశాయన్నదీ నిజమే. అయితే ఆ నష్టాన్ని పూడ్చుకుని, 2023-24లో మూడు కంపెనీలూ కలిసి 81 వేల కోట్ల రూపాయల నికర లాభం చూపించినప్పుడు వినియోగదారుడికి దక్కింది లీటరుకు 2 రూపాయలు. అది కూడా 2024 మార్చి 15న, లోక్‌సభ ఎన్నికల షెడ్యూలు వెలువడటానికి సరిగ్గా ఒకరోజు ముందు. అంతకు రెండేళ్ల ముందు ఉత్తరప్రదేశ్ తదితర రాష్ట్రాల ఎన్నికల వేళ ఇదే రోజువారీ సవరణ నాలుగున్నర నెలలు నిద్రపోయింది. ఫలితాలు వచ్చిన పన్నెండు రోజులకు మేలుకుని, 16 రోజుల్లో 14 సార్లు ధర పెంచి, లీటరుకు 10 రూపాయలు గుంజింది. మార్కెట్‌కు ఎన్నికల క్యాలెండరు తెలియదు. ఇక్కడి మార్కెట్‌కు మాత్రం పోలింగ్ తేదీలు కంఠతా వచ్చు.

2025 ఏప్రిల్ సంగతే చూడండి. ముడిచమురు 65 డాలర్ల దిగువకు దిగింది. బంకుల్లో ధర తగ్గుతుందని జనం ఎదురుచూస్తున్న వేళ, 8వ తేదీ నుంచి ఎక్సైజ్ మరో 2 రూపాయలు పెరిగింది. ‘వినియోగదారుడి మీద భారం పడదు’ అని వెంటనే వివరణ వచ్చింది, వంటగ్యాసు బండకు మాత్రం అదే సమయంలో 50 రూపాయలు పెరిగింది. బంకు ధర మారని మాట వాస్తవమే. తగ్గవలసిన ధర తగ్గకుండా ఆగిపోవడాన్ని భారం కాదనడం మాత్రం గడుసుతనం. అదే ఏడాది సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ లోపు బైకుల మీద జీఎస్టీని 28 నుంచి 18 శాతానికి తగ్గించినప్పుడు షోరూముల ముందు తోరణాలు కట్టి పండగ చేశారు. ఆ బైకులో పోసే పెట్రోలు జోలికి ఎవరూ పోలేదు. ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలుతో పాత బళ్ల మైలేజి కొంత తగ్గుతుందని 2021లోనే నీతి ఆయోగ్ నివేదిక చెప్పింది. ఆ మేరకు ధరలో వెసులుబాటు ఏదని వాహనదారు అడిగితే దానికీ జవాబు లేదు.

కేంద్రం వసూలు చేసే ఈ ఎక్సైజ్‌లో రాష్ట్రాలకు పెద్ద వాటా ఉందనే భ్రమ ఒకటి ప్రచారంలో ఉంది. వాటా ఉన్నమాట నిజం, అది ఎంతో చూడాలి. 2025లో పెట్రోలు మీద వేసిన 21.90 రూపాయల్లో రాష్ట్రాలతో పంచుకోవలసిన మూల ఎక్సైజ్ సుంకం 1.40 రూపాయలు మాత్రమే. మిగిలిందంతా ప్రత్యేక అదనపు సుంకం, రోడ్లు-మౌలిక సదుపాయాల సెస్సు, వ్యవసాయ మౌలిక వసతుల సెస్సు పేర్లతో ఉంటుంది. సెస్సులు, సర్‌చార్జీలు పంపకంలోకి రావు. పదిహేనో ఆర్థిక సంఘం లెక్క ప్రకారం 41 శాతం పంచితే లీటరుకు 57 పైసలు అన్ని రాష్ట్రాలకూ కలిపి వస్తాయి. అందులో ఆంధ్రప్రదేశ్ వాటా 4 శాతం చిల్లర, అంటే రెండు పైసల పైన. తెలంగాణది 2 శాతం చిల్లర, అంటే ఒక పైసా పైన. పైసా నాణెం చూసినవాళ్లు ఇప్పుడు ఎంతమంది ఉన్నారో తెలియదు గానీ, సమాఖ్య స్ఫూర్తి గురించి ఢిల్లీ నుంచి వచ్చే ఉపన్యాసాల విలువ ఇక్కడ తేలిపోతుంది.

రాష్ట్రాలు ఇదే మాట పట్టుకుని తమ చేతులు కడుక్కుంటే ఒప్పుకోవడానికి వీల్లేదు. జీఎస్టీ వచ్చాక రాష్ట్రాలకు సొంతంగా రేటు నిర్ణయించుకోగల పెద్ద కుళాయిలు రెండే మిగిలాయి: ఒకటి మద్యం, రెండోది ఇంధనం. ఆ రెండింటినీ ఎంత వీలైతే అంత తిప్పడం తెలుగు రాష్ట్రాల్లో పార్టీలకు అతీతంగా సాగుతున్న విధానం. తెలంగాణ ఏర్పడిన ఏడాదిలోపే, 2015 జనవరిలో, పెట్రోలు మీద వ్యాట్ 31 నుంచి 35.2 శాతానికి, డీజిల్ మీద 22.25 నుంచి 27 శాతానికి పెరిగింది. మరుసటి నెలలోనే ఆంధ్రప్రదేశ్ శాతంతో పాటు లీటరుకు 4 రూపాయల అదనపు వ్యాట్ తగిలించింది. 2018లో దాన్ని 2కు దించి, 2020లో మళ్లీ 4కు ఎక్కించారు. చాలదన్నట్టు రోడ్ల అభివృద్ధి పేరిట లీటరుకు రూపాయి సెస్సు జోడించారు. ఆ సెస్సు కట్టిన తరువాతి మూడేళ్లలో రాష్ట్ర రోడ్ల మీద ప్రయాణించినవారికి ఆ రూపాయి ఏ గుంతలో పడిందో చెప్పనక్కరలేదు.

వ్యాట్‌ను శాతంగా వసూలు చేయడంలో ఇంకో తిరకాసు ఉంది. మూల ధర, రవాణా, కేంద్ర ఎక్సైజ్, డీలరు కమీషను అన్నీ కలిపిన మొత్తం మీద ఆ శాతం పడుతుంది. పన్ను మీద పన్ను అన్నమాట. ఎక్కడో యుద్ధం వచ్చి చమురు మండితే రాష్ట్రం వేలు కదపకుండానే రాబడి పెరుగుతుంది. కేంద్రం ఎక్సైజ్ పెంచితే ఆ పెంపు మీద కూడా మూడో వంతు అదనంగా వస్తుంది. 2022 మేలో కేంద్రం తగ్గించింది 8 రూపాయలయితే హైదరాబాద్‌లో పెట్రోలు 119.49 నుంచి 109.66కు, అంటే 9.83 రూపాయలు తగ్గడం ఈ సూత్రం రెండు వైపులా పనిచేస్తుందనడానికి నిదర్శనం. పెరిగినప్పుడు కేంద్రాన్ని తిట్టి, పెరిగిన వ్యాట్‌ను మౌనంగా జేబులో వేసుకోవడం మాత్రం రాష్ట్రాలకు అలవాటయింది. 2022 ఏప్రిల్ 27న ముఖ్యమంత్రుల సమావేశంలో వ్యాట్ తగ్గించని రాష్ట్రాల పేర్లు ప్రధాని చదివినప్పుడు తెలుగు రాష్ట్రాలు రెండూ ఆ జాబితాలో ఉన్నాయి. కేంద్రం, రాష్ట్రం ఒకరినొకరు వేలెత్తి చూపించుకుంటారు, రెండు చేతులూ వాహనదారు జేబులోనే ఉంటాయి.

ప్రతిపక్షంలో ఉన్నంతకాలం అందరికీ ఈ లెక్కలు క్షుణ్నంగా తెలుసు. 2012 మేలో ధర పెంచినందుకు బంద్ చేసిన బీజేపీ ఇప్పుడు కేంద్రాన్ని ఏలుతోంది. 2018 సెప్టెంబరు 10న భారత్ బంద్ పిలుపునిచ్చిన కాంగ్రెస్ చేతికి 2023 డిసెంబరులో తెలంగాణ వచ్చింది, 35.2 శాతం అలాగే ఉంది. 2021 నవంబరులో బంకుల ముందు ధర్నాలు చేసిన తెలుగుదేశం 2024 జూన్ నుంచి అధికారంలో ఉంది, 4 రూపాయలూ, పైన రూపాయీ అలాగే ఉన్నాయి. ఎడ్లబళ్లెక్కి అసెంబ్లీకి వచ్చే నాయకులు మంత్రులయ్యాక కాన్వాయ్‌లు ఎక్కడం సహజమే కావచ్చు. ఆ ఎడ్లు మాత్రం పెట్రోలు తాగవని వాళ్లకు గుర్తుండాలి.

ఈ భారం సొంత బండి ఉన్నవారి సమస్యగా చిత్రించడం పొరపాటు. 2022 తొలి నెలల్లో టోకు డీజిల్ ధర చిల్లర ధరను మించిపోయినప్పుడు ఆర్టీసీ బస్సులు డిపోలు వదిలి రోడ్డు పక్క బంకుల్లో బారులు తీరాయి. ఏప్రిల్ వచ్చేసరికి రెండు రాష్ట్రాల ఆర్టీసీలూ టికెట్టు మీద డీజిల్ సెస్సు వేశాయి. పల్లె వెలుగు ఎక్కే కూలీకి కూడా 2 రూపాయలు పడింది. షేర్ ఆటో నడిపేవాడు కిరాయి పెంచితే ప్రయాణికుడు నడిచిపోతాడు, పెంచకపోతే తన రోజుకూలే తగ్గుతుంది. దమ్ముకు పిలిచిన ట్రాక్టరు, కోతకు పిలిచిన యంత్రం గంటకు ఇంతని అడిగినప్పుడు రైతు బేరమాడేది యజమానితోనే అయినా, ఆ గంటలో కాలేది డీజిలే. ఎరువుల మీద సబ్సిడీ ఇచ్చామని చెప్పుకునే సర్కార్లు ఆ పొలంలో కాలిన డీజిల్ మీద ఎంత వసూలు చేశాయో అదే నోటితో చెప్పవు. చేపల వేట మరపడవలకు డీజిల్ మీద లీటరుకు 9 రూపాయల రాయితీ ఇస్తున్న ఆంధ్రప్రదేశ్, అంతకు రెట్టింపుకు పైగా వ్యాట్ వసూలు చేసి అందులోంచి ఆ 9 రూపాయలను తిరిగి ఇస్తోంది.

ఎక్కువ పన్ను వేస్తే ఎక్కువ రాబడి వస్తుందన్న నమ్మకమైనా నిలుస్తుందా అంటే అదీ అనుమానమే. అనంతపురం, చిత్తూరు జిల్లాల మీదుగా వెళ్లే లారీ డ్రైవరు కర్ణాటక సరిహద్దు దాటేదాకా ఆగి ట్యాంకు నింపుకుంటాడు. 2025 ఏప్రిల్‌లో కర్ణాటక డీజిల్ మీద పన్ను పెంచిన తరువాత కూడా అక్కడ లీటరుకు అయిదారు రూపాయలు తక్కువే. మూడు నాలుగు వందల లీటర్ల ట్యాంకు ఉన్నవాడికి అది ఒక రోజు భత్యం. సరిహద్దు మండలాల్లో మన బంకులు వెలవెలబోతుంటే ఆ లీటర్ల మీద రావలసిన పన్ను పక్క రాష్ట్రానికి పోతోంది. యానాం వంతెన మీద జరుగుతున్నదీ అదే.

జీఎస్టీలో చేర్చితే అన్నీ సర్దుకుంటాయనే వాదన వినడానికి బాగుంటుంది. పెట్రోలు, డీజిల్ మీద జీఎస్టీ ఎప్పటి నుంచి వేయాలో జీఎస్టీ మండలి సిఫార్సు చేయాలని రాజ్యాంగంలోని 279ఏ అధికరణమే చెబుతోంది. 2021 సెప్టెంబరు 17న లక్నో సమావేశంలో చర్చకు వచ్చినప్పుడు ఇది తగిన సమయం కాదని మండలి తేల్చేసింది. ఆ సమయం దగ్గరలో వస్తుందని మేము అనుకోవడం లేదు, ఎందుకంటే రావడం కేంద్రానికీ ఇష్టం లేదు, రాష్ట్రాలకూ ఇష్టం లేదు. అంతదాకా ఆగకుండా చేయగలిగినవి ఉన్నాయి. బంకు చీటీ మీద కేంద్ర సుంకం ఎంతో, రాష్ట్ర వ్యాట్ ఎంతో రూపాయల్లో అచ్చువేయించడానికి యంత్రంలో రెండు వరుసలు చేర్చితే చాలు. వ్యాట్‌ను శాతం నుంచి లీటరుకు ఇన్ని రూపాయలనే స్థిర మొత్తానికి మార్చితే, ధర ఎగసినప్పుడల్లా రాష్ట్రం దొంగచాటుగా లాభపడుతోందన్న నింద తప్పుతుంది. కేంద్రం తన సెస్సుల్లో కొంతైనా మూల సుంకంలోకి మార్చి పంచుకుంటే, వ్యాట్ తగ్గించమని రాష్ట్రాలను అడిగే అర్హత దానికి వస్తుంది.

ఆంధ్రప్రదేశ్ వరకు అయితే దీనికి నిపుణుల సంఘాలు, అధ్యయనాలు కూడా అవసరం లేదు. 2018 సెప్టెంబరు 10న, దేశమంతా బంద్ జరుగుతున్న రోజున, లీటరుకు 2 రూపాయలు తగ్గిస్తున్నట్టు ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు శాసనసభలో ప్రకటించారు; మర్నాటి ఉదయానికి బంకుల్లో ధర మారింది. ఆనాటి ముఖ్యమంత్రే ఈనాడూ అదే కుర్చీలో ఉన్నారు, ఆనాడు తగ్గించిన 2 రూపాయలు తరువాతి ప్రభుత్వం తిరిగి వేసినవేనని తెలుగుదేశమే ఐదేళ్లు చెప్పింది. వాటిని తీసేయడానికి ఎంతకాలం పడుతుందో ఆయనకే బాగా తెలుసు.